మూడో నంబర్ జెర్సీకి లావు ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో రగ్బీ గురించి అర పేజీ వేశారు, సంతోషం. అనంతపురం ఎడిషన్‌లో క్రికెట్ కాకుండా ఇంకో ఆట బొమ్మ కనబడటమే గొప్ప. కానీ అందులో చివరికొచ్చేసరికి "ముందు వరసలో తోయడానికి లావుగా ఉన్న పిల్లలెవరైనా సరిపోతారు" అని ఒక మాట రాశారు చూడండి, అది చదివాక ఊరుకోలేకపోయాను. ఆ మాట నమ్మి రేపు ఏ పీఈటీ సారో తొమ్మిదో తరగతిలో బరువున్న పిల్లోణ్ణి పిలిచి "నువ్వు ముందు నిలబడురా" అన్నాడంటే ఆ పిల్లోడి మెడ ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించారా?

నేను పట్టాళంలో ఉన్నప్పుడు మా యూనిట్ జట్టులో మూడో నంబర్ ఆడేవాణ్ణి. టైట్‌హెడ్ ప్రాప్ అంటారు. టీవీలో బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కనబడతాడు గానీ ఈ మూడో నంబర్‌వాడు కనబడడు, కనబడినా తలకాయ ఎక్కడో దూరిపోయి వీపు మాత్రమే కనబడుతుంది. కామెంటేటర్ వాడి పేరెత్తాడంటే స్క్రమ్ కూలిపోయి పెనాల్టీ ఇచ్చుకున్నాడని అర్థం.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. పదిహేను మంది ఆడే రగ్బీలో ఎవరైనా బంతిని ముందుకు జారవిడిస్తే స్క్రమ్‌తో ఆట మళ్ళీ మొదలవుతుంది. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది వంగి ఒకరినొకరు పట్టుకుని తలలు దూర్చి తోస్తారు. పెద్ద పెద్ద అంతర్జాతీయ జట్లలో ఆ ఎనిమిది మంది కలిపి 900 కిలోలు దాటుతారు. ముందు వరసలో ముగ్గురు, ఎడమ చివర ఒకటో నంబర్ లూజ్‌హెడ్, మధ్యలో హుకర్, కుడి చివర మన టైట్‌హెడ్. ఈ రెండు చివర్ల వాళ్ళనీ ప్రాప్‌లంటారు. తలలు సందుల్లో దూరతాయి కాబట్టి లూజ్‌హెడ్‌కి ఎడమ పక్క ఖాళీగా ఉంటుంది, వాడికి ఒక్కడితోనే పోరాటం. టైట్‌హెడ్‌కి ఆ సుఖం లేదు, వాడి తల అవతలి హుకర్‌కీ అవతలి లూజ్‌హెడ్‌కీ మధ్యన ఇరుక్కుపోతుంది, ఇద్దరి భుజాలూ వాడి మీదే. వెనక నుంచి సొంత జట్టువాళ్ళ తోపుడు, ముందు నుంచి ఆ ఇద్దరి తోపుడు, మధ్యలో వాడి వెన్నెముక. నా కుడి చెవి ఇప్పటికీ గడ్డకట్టినట్టు ఉంటుంది, మా మనవరాలు పట్టుకుని ఆడుకుంటుంది.

బంతి మనదైనప్పుడు స్క్రమ్ హాఫ్, అంటే స్క్రమ్ పక్కన నిలబడే మన ఆటగాడు, ఎడమ పక్క నుంచి లోపలికి వేస్తాడు. దాన్ని వెనక్కి లాగడానికి హుకర్ ఒక కాలు ఎత్తాల్సి వస్తుంది, ఆ ఒక్క క్షణం వాడి తోపుడు తగ్గుతుంది. అప్పుడు కుడి చివర వాడు కదలకుండా నిలబడాలి. వాడు ఒక్క అడుగు వెనక్కి పోయాడంటే స్క్రమ్ మొత్తం గిర్రున తిరుగుతుంది, బంతి మనదే అయినా చేతికి రాదు.

బలముంటే చాలు కదా అంటారు. సేద్యం చేసినోళ్ళకు నేను చెప్పక్కర్లేదు, కాడికి ఒక పక్క, అంటే దాపట, అలవాటైన ఎద్దును తీసుకొచ్చి రెండో పక్క వలపట కట్టండి, ఎంత బలమున్నా కాడి సరిగ్గా లాగదు. మన జిల్లాలో తిరునాళ్ళలో బండలాగుడుకు ఎద్దుల్ని సాధకం చేసేవాళ్ళని అడగండి. ఒకటో నంబర్‌వాణ్ణి మూడో నంబర్‌లో పెట్టడం అట్లాంటిదే. ఇంగ్లండ్ ఆటగాడు జేసన్ లియొనార్డ్ రెండు వైపులా ఆడాడు కాబట్టే ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, అందరికీ చేతనయ్యే పని కాదది.

మాకు నేర్పించిన సుబేదార్ సాబ్ మొదటి నెలంతా ఎవరినీ తోయనివ్వలేదు. వంగి, పాదాలు భుజాల కంటే కొంచెం వెడల్పుగా పెట్టి, మోకాళ్ళు మడిచి, వీపు చాపలా పరిచి ఉంచమనేవాడు. ఆ వీపు మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి నాలుగడుగులు నడవమనేవాడు, నీళ్ళు తొణికితే మళ్ళీ మొదటి నుంచి. గడ్డం ఛాతీకి ఆనకూడదు, చూపు ముందుకు ఉండాలి, భుజాలు నడుము కంటే కిందికి పోకూడదు. ఈ చివరిది ఆయన సొంత పిచ్చి అనుకునేవాళ్ళం, తర్వాత తెలిసింది, ఆట నియమాల్లోనే ఉంది.

ఇంక కుడి చెయ్యి సంగతి. టైట్‌హెడ్ పనితనమంతా ఆ చేతిలోనే ఉంది. అవతలి లూజ్‌హెడ్ ఎడమ చేతికి బయటి వైపు నుంచి మన చెయ్యి పోనిచ్చి వాడి వీపు మీదో పక్కన్నో జెర్సీ పట్టుకోవాలి. కాలర్ పట్టుకోకూడదు, చొక్కా చెయ్యి పట్టుకోకూడదు. మోచెయ్యి పైకి ఉండాలి. మోచెయ్యి నేల వైపు వాలిందంటే లూజ్‌హెడ్ మన ఛాతీ కిందికి దూరి పైకి లేపేస్తాడు, లేదంటే మనమే వాణ్ణి కిందికి లాగినట్టు రిఫరీకి కనబడుతుంది, రెండింటిలో ఏది జరిగినా నష్టం మనకే. లూజ్‌హెడ్ పొట్టివాడైతే ఒక తంటా, పొడుగువాడైతే ఇంకో తంటా. కాస్త లోపలికి ఒరిగి అవతలి హుకర్ పక్కటెముకల మీద తోద్దామా అనిపిస్తుంది, అది తప్పు, తిన్నగానే తోయాలి. నిజం చెప్పాలంటే అందరూ కొంచెం ఒరుగుతారు, రిఫరీ ఏ పక్క నిలబడ్డాడో చూసుకుని మరీ.

దీని విలువ ఎంతో తెలియాలంటే 2019 ప్రపంచ కప్ ఫైనల్ చూడండి. యోకోహామాలో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా. ఇంగ్లండ్ టైట్‌హెడ్ కైల్ సింక్లర్ మూడో నిమిషంలోనే తలకు దెబ్బ తగిలి బయటికి పోయాడు. డాన్ కోల్ వచ్చాడు, అనుభవం ఉన్నవాడే, కానీ ఇంచుమించు ఆట మొత్తం వాడొక్కడే మోయాల్సి వచ్చింది. అవతల లూజ్‌హెడ్‌లో 'బీస్ట్' అని పిలిచే టెండాయ్ మ్టవరీరా. స్క్రమ్ తర్వాత స్క్రమ్ ఇంగ్లండ్ వెనక్కి పోవడం, పెనాల్టీ, హాండ్రే పొలార్డ్ వచ్చి మూడు పాయింట్లు కొట్టడం. పొలార్డ్ ఆ రోజు ఆరు పెనాల్టీలు కొట్టాడు, దక్షిణాఫ్రికా 32-12తో గెలిచింది. మరుసటి రోజు పేపర్లలో చివర్లో ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం) కొట్టినవాళ్ళ బొమ్మలే పడ్డాయనుకోండి, అది వేరే సంగతి. న్యూజిలాండ్‌కి ఓవెన్ ఫ్రాంక్స్ అని ఒక టైట్‌హెడ్ ఉండేవాడు, 108 టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఆడి ఒక్క ట్రై కూడా కొట్టలేదు, 2011లో, 2015లో రెండు ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో ఉన్నాడు. పాయింట్ల పట్టీ చూసి ఆటగాళ్ళని ఎంచే సెలెక్టర్ అయితే వాణ్ణి మొదటి ఏడాదే ఇంటికి పంపేసేవాడు.

అట్లాగని స్క్రమ్ అయిపోగానే టైట్‌హెడ్ పని అయిపోదు. లైనవుట్‌లో, అంటే పక్క గీత దాటిన బంతిని మళ్ళీ లోపలికి విసిరేటప్పుడు, ఎగిరేవాణ్ణి తొడలు పట్టి పైకి ఎత్తాలి, రక్‌లో, అంటే నేల మీది బంతి కోసం గుమిగూడి తోసుకునేటప్పుడు, మన బంతి మీదికొచ్చేవాళ్ళని అడ్డుకోవాలి, ఈ మధ్య బంతి పాస్ చేయడం కూడా రావాలంటున్నారు. 120 కిలోల మనిషి 80 నిమిషాల ఆటలో ఎన్నిసార్లు పడి లేవాలో లెక్క వేసుకోండి. అందుకే బెంచీ మీద ముందు వరస ముగ్గురికీ వేరే మనుషుల్ని పెట్టుకుంటారు.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగితే హైదరాబాద్ హీరోస్ ఆడుతోందని మా వీధి పిల్లలు కూడా ఫోన్లలో చూశారు. అది ఏడుగురి ఆట, అక్కడ స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు, ప్రాప్ కూడా వేగంగా పరిగెత్తాల్సిందే. అది చూసి పదిహేను మంది ఆటలో స్క్రమ్ కూడా ఇంతేనని అనుకుంటే పొరపాటు.

మీరు రాయాల్సింది, రాయకుండా వదిలేసింది ఇదే. శిక్షణ లేనివాణ్ణి ముందు వరసలో నిలబెట్టకూడదని నియమం ఉంది. శిక్షణ ఉన్న ప్రాప్‌లు, హుకర్లు జట్టులో మిగలకపోతే రిఫరీ తోపుడు లేని స్క్రమ్ పెట్టిస్తాడు, ఊరికే పట్టుకుని నిలబడతారు. 19 ఏళ్ళలోపు వాళ్ళ ఆటలో మీటరున్నర కంటే ఎక్కువ తోయకూడదు. 2013 నుంచి రెండు వైపుల ప్రాప్‌లూ ముందు జెర్సీలు పట్టుకున్నాకే కలవాలని పద్ధతి మార్చారు, అంతకు ముందు దూరం నుంచి ఢీకొనేవాళ్ళు. ఇవన్నీ మెడలు, వెన్నుపూసలు దెబ్బతిన్నాక వచ్చిన జాగ్రత్తలు, ఎవరో ఖాళీగా కూర్చుని రాసినవి కావు.

బడిలో సెలెక్షన్ అనగానే పరుగు పందెం పెట్టి, వెనకబడిన లావుపాటి పిల్లల్ని స్కోరు రాయడానికి కూర్చోబెడతారు. ఆ పిల్లల్లో నిజంగానే మూడో నంబర్‌కి పనికొచ్చేవాళ్ళు ఉంటారు, నాకు అనుమానం లేదు. మన జిల్లాలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్ నేర్చుకుని పల్లె పిల్లలు ఎంత దూరం పోయారో అందరం చూశాం. రగ్బీ కూడా ఎవరైనా మొదలుపెడితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ముందు నేర్పేవాడు రావాలి. మెడ కసరత్తు నెలల తరబడి చేయించాలి, ఒకరితో ఒకరు, తర్వాత ముగ్గురితో ముగ్గురు, ఎనిమిది మంది స్క్రమ్ చివర్న. పిల్లోడు తొంభై కిలోలున్నాడు కదా అని ఆ మెట్లు దాటించకూడదు.

ఆ వాక్యాన్ని సవరిస్తూ వచ్చే ఆదివారం అదే పేజీలో నాలుగు లైన్లు వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, మాజీ జవాను
గుత్తి, అనంతపురం జిల్లా