గొంతు లేని హామ్లెట్

అమ్మలూ,

స్టేజీ నటుడు కెమెరా ముందుకు వెళ్తే ఏం పోగొట్టుకుంటాడని అడిగావు. ఇంగ్లండ్‌లో సర్ జాన్‌స్టన్ ఫోర్బ్స్-రాబర్ట్‌సన్ సంగతి చూస్తే నీకే తెలుస్తుంది.

1853లో లండన్‌లో పుట్టాడు. రాయల్ అకాడమీలో బొమ్మలు వేయడం నేర్చుకుని, 1874లో నాటకాల్లోకి వచ్చాడు. మాట పలకడం సామ్యూల్ ఫెల్ప్స్ అనే పెద్ద నటుడి దగ్గర నేర్చాడు. ఫోర్బ్స్-రాబర్ట్‌సన్ ఆస్తి ఆ గొంతే. 1897లో లైసియం థియేటర్లో షేక్‌స్పియర్ నాటకంలోని డెన్మార్క్ యువరాజు హామ్లెట్ వేషం వేసేనాటికి 44 ఏళ్లు. హామ్లెట్ ప్రాణం పోగానే తెర దించేయడం అప్పటి అలవాటు. ఈయన ఆ తర్వాత వచ్చే నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్‌ను మళ్లీ రంగం మీదికి తెచ్చాడు. చివరి చప్పట్లు తన ఒక్కడికే దక్కాలనుకునే నటుడు చేసే పని కాదది.

1913లో డ్రూరీ లేన్ థియేటర్లో లండన్ ప్రేక్షకుల దగ్గర సెలవు తీసుకున్నాడు. ఆ ఏడే అదే పాత్ర మూకీ సినిమాకెక్కింది. నిర్మాణం సెసిల్ హెప్‌వర్త్‌ది, దర్శకత్వం హే ప్లంబ్‌ది. కోట సెట్టు డోర్సెట్ తీరంలో లల్‌వర్త్ కోవ్ దగ్గర వేశారు. హామ్లెట్‌కు 60 ఏళ్లు! హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియాగా వేసింది ఆయన భార్య గెర్‌ట్రూడ్ ఎలియట్.

పూర్తిగా ఆడితే నాలుగు గంటలు పట్టే నాటకం గంటకు కుదించుకుపోయింది. ఆయన మాత్రం కెమెరా ముందు కూడా డైలాగులు నిజంగానే పలికాడు. పెదవులు గమనించు. మాట వినపడకపోయినా ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, ఎక్కడ ఆపాడో ముఖంలో తెలుస్తుంది. మన పద్యనాటకంలో పద్యం తీసేసి నటుణ్ణి నిలబెట్టినట్టే అనుకో.

మేకప్ దగ్గర స్టేజీవాళ్లు తరచూ దెబ్బతినేవారు. అప్పటి ఫిల్ముకు ఎరుపు పట్టేది కాదు, నీలం మాత్రం బాగా పట్టేది. స్టేజీ మీద బుగ్గలకు రాసే ఎరుపు తెర మీద నల్లగా పడి, ముఖం పీక్కుపోయినట్టు కనిపించేది. లేత నీలికళ్లు తెల్లగా తేలిపోయేవి. పైగా స్టేజీ అంచున కింద పెట్టే ఫుట్‌లైట్ల వెలుగు కింది నుంచి వస్తుంది. ఎండలో తీస్తే పైనుంచి పడి కళ్లగుంటల్లో నీడ నిలుస్తుంది. అరవయ్యేళ్ల ముఖానికి అది ఇంకా కష్టం.

చూసేముందు వేగం సరిచూసుకో. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. హ్యాండిల్ ఒక చుట్టుకు 8 ఫ్రేములు (విడి బొమ్మలు), సెకనుకు రెండు చుట్లు, అంటే సెకనుకు 16 ఫ్రేములు. దాన్ని తర్వాత వచ్చిన 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే కదలిక ఒకటిన్నర రెట్లయి హామ్లెట్ గెంతుతున్నట్టుంటాడు. పాత నటులంతా అతి చేసేవారన్న పేరు సగం ఇలా వచ్చిందేనని నా అభిప్రాయం.

మొదటిసారి మూకీకి జతచేసే పియానో కూడా ఆపేసి చూడు. ఒఫీలియాతో ఉన్న సీను దగ్గర ఆయన చేతులు ఎంత తక్కువ కదిలాయో లెక్కపెట్టి నాకు రాయి.

నాన్న