మా ఆటల గదిలో ఈ ఏడు: సభ్యులకు 2025 వార్షిక నివేదిక

సభ్యులైన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నల్లగొండలో ఆదివారాలు కూడి వీడియో గేములు ఆడుకునే మన సంఘం తరఫున 2025 సంవత్సరం నివేదిక మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి అన్న సర్వసభ్య సమావేశంలో చదువుతారు. ఏ ఆట ఆడాం, ఎట్లుంది, ఎవరికి నచ్చుతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. అభిప్రాయాలు కార్యదర్శిగా నావి. ఒప్పుకోని వాళ్లు సమావేశంలో లేచి చెప్పాలి, వింటాను.

నేను చూసేది ఒక్కటే. కంట్రోలర్ పట్టుకున్నది ఒక్కరే అయినా, పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఆటలోకి వచ్చారా? ఒంటరిగా ఆడుకోవడానికి ఎవరి ఇల్లు వాళ్లకుంది. చందాలు కట్టి గది తెరిచి పెట్టేది నలుగురం కలిసి ఆడడానికే.

ఆ లెక్కన ఈ ఏడు ముందు నిలిచింది సేద్యం చేసే ఆట ఫార్మింగ్ సిమ్యులేటర్ 25. స్విట్జర్లాండ్‌లోని జెయింట్స్ సాఫ్ట్‌వేర్ 2024 నవంబర్‌లో తెచ్చిన ఈ ఆటలో కొత్తగా వరి వచ్చింది, బర్రెలు వచ్చాయి. మిర్యాలగూడ, హాలియా దిక్కు నుంచి వచ్చే మన సభ్యులు సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పెరిగినవాళ్లు. వరి గురించి వాళ్లను మెప్పించడం తేలిక కాదు. చాలావరకు మెప్పించింది. నారు పెంచి యంత్రంతో నాటే వరి ఒకటి, విత్తనం నేరుగా వేసే పొడుగు గింజ వరి ఇంకొకటి ఉన్నాయి. మడికి నీళ్లు పెట్టాలి. బరువైన ట్రాక్టర్ పోతే మెత్తటి నేలలో చక్రాల గాడి పడుతుంది. అది చూసి మా తమ్ముళ్లు లేచి నిలబడ్డారు.

ఒక సభ్యుని నాయన ఆ రోజు గదికి వచ్చారు. కోత అయ్యేదాకా ఏమీ అనకుండా చూసి, "మరి ఒడ్లు యాడ ఆరబోస్తరు బిడ్డా? తేమ ఎవరు చూస్తరు?" అని అడిగారు. ఆటలో ఆ పని లేదు. కోసిన ఒడ్లు ట్రైలర్‌లో పోసుకొని పోతే అప్పుడే పైసలు పడతాయి. మన కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం లోపుకు రావాలి, అందాకా కుప్ప కాడ కావలి ఉండాలి, మొగులు పడితే పట్టాలు కప్పాలి. యాసంగి పంటలో సగం గోస కోత తర్వాతే ఉంటుంది. ఆ మాట మీద మొదలైన ముచ్చట చీకటి పడేదాకా సాగింది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఒక ఆట నుంచి ఇంతకన్నా నేను కోరేది లేదు.

వెన్బా చిన్న ఆట, ఒక్క పూటలో అయిపోతుంది. 2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసింది. 1980ల చివర్లో కెనడాకు పోయిన తమిళ కుటుంబం కథ. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మిగిలినదాన్ని బట్టి ఇడ్లీ ఎట్లా పెట్టాలో, పుట్టు ఎట్లా చేయాలో మనమే కనిపెట్టాలి. ఇడ్లీ పాత్రలో పళ్లేల వరుస దగ్గర మన అక్కలు కంట్రోలర్ అందుకొని ఒక్క నిమిషంలో తేల్చారు. కొడుకు కవిన్ అమ్మ భాషకు దూరం జరిగే భాగం వచ్చినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన జిల్లాలో ఎన్నో. అమ్మానాన్నలను పిలుచుకొచ్చి చూపించండి అని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్ టేక్స్ టు ఇద్దరు ఉంటే తప్ప ఆడలేం. విడిపోదామనుకున్న భార్యాభర్తలు బొమ్మలైపోయి, ఒకరికొకరు ఆసరా అయితేనే ముందుకు పోతారు. 2021లో ఏటి మేటి ఆటగా గేమ్ అవార్డ్స్ గెలిచింది, అది దానికి తగిన గౌరవమే. బొమ్మ ఏనుగును హింసించే దృశ్యం మాత్రం అక్కర్లేదు. చిన్నపిల్లలు బెదిరారు, ఇకముందు ఆ భాగం పెద్దవాళ్లే ఆడాలని తీర్మానించాం. ఇట్ టేక్స్ టు చేసిన హేజ్‌లైట్ సంస్థదే ఇంకో ఆట, స్ప్లిట్ ఫిక్షన్, 2025 మార్చిలో వచ్చింది. ఆటలో వైవిధ్యం ఇంకా ఎక్కువ, కథలో ఆర్ద్రత తక్కువ.

క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 ఈ ఏడాది వచ్చిన వాటిలో గొప్పది. ఫ్రాన్స్‌లోని సాండ్‌ఫాల్ సంస్థ చేసింది. ఏటేటా ఒక చిత్రకారిణి ఒక అంకె రాస్తుంది, ఆ వయసువాళ్లంతా మాయమైపోతారు. అంకె ఏడాదికొకటి తగ్గుతూ వస్తుంది. మొదటి గంటలోనే మనసు పిండేస్తుంది. పోరాటం వంతులవారీగా సాగినా, శత్రువు దెబ్బను సరైన క్షణంలో కాచుకోవాలి. మేం ఆడింది ఇంగ్లీషులో, తెలుగు లేదు. డిగ్రీ చదివే మన చెల్లె ఒకామె ప్రతి సంభాషణనూ అప్పటికప్పుడు మన తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఆమె లేకుంటే ఈ ఆట సగం మందికి అందకపోయేది. సంఘం ఆమెకు రుణపడి ఉంది.

హాలో నైట్: సిల్క్‌సాంగ్ కోసం 2019 నుంచి ఎదురు చూసినవాళ్లు మనలో ఉన్నారు. సెప్టెంబర్ 4న వచ్చింది. చూపుకు అద్భుతం, చేతికి కఠినం. మొదట్లోనే దెబ్బలు గట్టిగా తగులుతాయి. ఓపికున్న ఒక్కరికి మంచిదే కానీ, మన గదికి కుదరలేదు. బలాట్రో ఫోన్‌లోనూ ఆడొచ్చు, పేక ముక్కల మీద లెక్కల ఆట, పైసల పందెం లేదు. బస్సు ప్రయాణానికి బాగుంటుంది.

పుణెలోని నోడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన రాజీని మళ్లీ ఆడాం. తమ్ముణ్ని వెతుక్కుంటూ పోయే అమ్మాయి కథ, దుర్గా, విష్ణువూ చెప్తుంటారు. కోటలు, గోడల మీది బొమ్మలు చూసి పానగల్ గుళ్ల శిల్పాలు యాదికొచ్చాయి. కథ అర్ధంతరంగా ఆగిపోవడం ఇప్పటికీ బాధే.

ఫోన్‌లో ఆడే తుపాకుల పోరాట ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) విషయంలో మాట రెండు రకాలుగా ఉంది. పిల్లలు అడుగుతున్నారు, తల్లిదండ్రులు వద్దంటున్నారు. 18 ఏళ్ల లోపు వారికి ఆటలోనే రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. గదిలో అంతకన్నా తక్కువే ఉండాలని నా ప్రతిపాదన. డబ్బు పెట్టి ఆడే ఆటల మీద మాత్రం చర్చ లేదు. మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మన గదిలో ఆ యాప్‌లు ఎవరి ఫోన్‌లోనూ తెరవకూడదు. ఇది పెద్దలకూ వర్తిస్తుంది.

వచ్చే ఏడాదికి రెండు కోరికలు. ఇంట్లో ఊరికే పడి ఉన్న ప్లేస్టేషన్ డిస్కులు సంఘానికి ఇవ్వండి, పేరు రాసి భద్రంగా పెడతాం. రెండోది, అమ్మాయిలకు వీలైన వేళ ఏదో వాళ్లే చెప్పాలి. సాయంత్రం పెడితే నకిరేకల్, దేవరకొండ నుంచి వచ్చేవాళ్లకు తిరిగి పోవడం కష్టమవుతోంది. పొద్దున పూట గది తెరవడానికి తాళం చెవి తీసుకునేవాళ్లు సమావేశానికి ముందే పేరు ఇవ్వగలరు.

మీ కార్యదర్శి