ఆ ఫొటోలో ఉన్నది గేల్ గార్డన్

సంపాదకులు గారికి,
నమస్కారం.

పాత అమెరికన్ టీవీ కామెడీ సీరియళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. హాస్యనటి లూసిల్ బాల్ (లూసీ) గురించి రాసిందంతా బాగుంది. కానీ పక్కన వేసిన ఫొటో కింద 'లూసీ, సహనటుడు' అని మాత్రమే ఉంది. ఆ సహనటుడి పేరు గేల్ గార్డన్. వ్యాసంలో కూడా ఆయన్ని 'ఎప్పుడూ అరిచే బ్యాంకు మేనేజరు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ రెండూ సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫొటో కింద పేరు వేయడం ఎంతసేపు? ఆ 'అరిచే' అన్న మాట ఎందుకు తప్పో చెప్పడానికి మాత్రం నాకు కాస్త చోటివ్వండి.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మా రిక్రియేషన్ క్లబ్బు తరఫున నాటకాలు ఆడేవాళ్లం, పరిషత్తు పోటీలకు కూడా వెళ్లేవాళ్లం. నాకు ఎక్కువగా మామగారి వేషమో, హెడ్‌మాస్టరు వేషమో వచ్చేది. తర్వాత టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, పాత షోలు వేసే చానల్లో లూసిల్ బాల్ సీరియల్ 'ది లూసీ షో' చూడటం అలవాటైంది. మొదట్లో అందులో బ్యాంకు ఉందని చూశాను. పోనుపోను ఒక్క గార్డన్ కోసమే చూశాను.

అందులో ఆయన థియొడోర్ జె. మూనీ అనే బ్యాంకరు. భర్త పోయిన లూసీకి రావాల్సిన ట్రస్టు డబ్బు ఆయన అజమాయిషీలో ఉంటుంది. ఆమె అడ్వాన్సు అడగటం, ఈయన ఇవ్వననటం. 1965లో కథ కాలిఫోర్నియాకి మారాక ఆమె ఆయన దగ్గరే సెక్రటరీగా చేరుతుంది. ఆమె ఏదో ఘనకార్యం చేస్తుంది, ఆయన చూస్తాడు. ఆ చూడటంలోనే ఉంది విద్య అంతా. ముందు అసలు కదలడు. మూతి బిగుసుకుంటుంది, మెడ కాస్త వెనక్కి పోతుంది. కథలో లూసీ ఇంటిపేరుతో 'మిసెస్ కార్‌మైకేల్' అని ఎంతో మర్యాదగా, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతాడు. స్టూడియోలో కూర్చున్న జనం అక్కడే నవ్వేస్తారు. ఆయన ఇంకా గొంతు పెంచనే లేదు. కోపం ఎంత దూరం వచ్చిందో వాళ్లకు తెలుసు, ఎప్పుడు బయటపడుతుందో తెలియదు. ఆ మధ్య సమయాన్ని చెయ్యి జారకుండా పట్టుకోవడం ఎంత కష్టమో స్టేజి ఎక్కినవాళ్లకు తెలుస్తుంది. మీ వ్యాసకర్తకు చివరి కేక ఒక్కటే వినిపించింది. దాని ముందున్న మౌనం కూడా గార్డన్ చేసిన పనే.

ఆ షోలను ప్రేక్షకుల ఎదుట నాటకంలా ఆడుతూ కెమెరాలతో తీసేవారు. జనం నవ్వుతున్నప్పుడు తర్వాతి మాట అంటే అది నవ్వులో కొట్టుకుపోతుంది. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగితే సీను చచ్చిపోతుంది. గార్డన్ ఆ క్షణంలో కోపాన్ని ఇంకో మెట్టు ఎక్కించి నిలబడతాడు. దాంతో తగ్గుతున్న నవ్వు మళ్లీ లేస్తుంది. మా డైరెక్టరు గారు రిహార్సల్సులో ఇది నేర్పాలని ఎంత తంటాలు పడేవారో, మేం కంగారుపడి డైలాగు ఎలా మింగేసేవాళ్లమో నాకింకా గుర్తుంది.

ఈ ఒడుపు ఆయనకు టీవీలో అబ్బింది కాదు. గార్డన్ 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ స్టేజి కళాకారులు. పుట్టుకతో గ్రహణం మొర్రి, అంగిలి చీలి ఉండేది. చిన్నప్పుడే ఆపరేషన్లు జరిగాయి. అలాంటి పిల్లవాడు పెద్దయ్యాక అమెరికా రేడియోలో అత్యంత స్పష్టమైన గొంతుల్లో ఒకడయ్యాడు. మీ వ్యాసంలో ఈ సంగతి ఉండి ఉంటే ఎంతమంది తల్లిదండ్రులకు ధైర్యంగా ఉండేదో! 1935లో 'ఫ్లాష్ గార్డన్' అనే అంతరిక్ష సాహసాల రేడియో సీరియల్‌లో హీరో ఆయనే. 1941 నుంచి 'ఫిబర్ మెగీ అండ్ మాలీ' అనే రేడియో కామెడీలో మేయర్ లా ట్రివియా. ఈ మేయరుగారు మామూలుగా ఓ జాతీయం వాడతారు. ఎదుటి భార్యాభర్తలు దాన్ని అక్షరాలా తీసుకుని యక్షప్రశ్నలు వేస్తారు. ఆయన ఓపిగ్గా వివరిస్తారు, మళ్లీ వివరిస్తారు, చివరికి మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దవుతాయి. అప్పుడో పెద్ద నిశ్శబ్దం. రేడియోలో మొహం కనిపించదు కదా, అయినా ఆ నిశ్శబ్దానికి జనం పడీ పడీ నవ్వేవారు. యుద్ధకాలంలో ఆయన కోస్ట్ గార్డ్‌లో చేరితే, కథలో మేయరుగారు కూడా కోస్ట్ గార్డ్‌కే వెళ్లారు.

లూసిల్ బాల్‌తో ఆయన జోడీ కూడా రేడియోలోనే కుదిరింది. 1948లో మొదలైన 'మై ఫేవరెట్ హజ్బెండ్'లో ఆమె భర్త బ్యాంకు ఉద్యోగి, గార్డన్ ఆ భర్తకు పైఅధికారి అటర్‌బరీ. దాని రచయితలే తర్వాత లూసిల్ బాల్ టీవీ సీరియల్ 'ఐ లవ్ లూసీ' రాశారు. అందులో పక్కింటి ఫ్రెడ్ మెర్ట్జ్ వేషానికి ఆమె మొదట కోరుకున్నది గార్డన్‌నే. అప్పటికే ఆయన 'అవర్ మిస్ బ్రూక్స్' రేడియో షోకి ఒప్పుకుని ఉన్నారు. ఆ వేషం విలియం ఫ్రాలీకి వెళ్లింది. 1951 అక్టోబరులో మొదలైన ఆ షో టీవీ చరిత్రనే మార్చింది. గార్డన్‌కి అందులో దక్కింది 1952లో రెండు ఎపిసోడ్లలో క్లబ్బు యజమాని వేషం.

ఇంత పెద్ద అవకాశం చేజారితే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కానీ నా మటుకు నాకు, జరిగింది మంచికే అనిపిస్తుంది. ఫ్రెడ్ ఇంట్లో బనియనుతో తిరిగే పిసినారి. గార్డన్ కోపం పండాలంటే ఆయనకో బల్ల, ఓ గది, బయట తలుపు మీద హోదా ఉండాలి. అవన్నీ 'అవర్ మిస్ బ్రూక్స్'లో దొరికాయి. హైస్కూలు ప్రిన్సిపాల్ ఆస్గుడ్ కాంక్లిన్‌గా రేడియోలోనూ, 1952 నుంచి 1956 దాకా టీవీలోనూ ఆయన చేసిన పనిని మించింది ఆయనే మళ్లీ చేయలేదని నా అభిప్రాయం. ఎదురుగా టీచరు ఈవ్ ఆర్డెన్. ఆమె ఒక్క చురక వేసి ఊరుకుంటుంది, ఈయన ఉడికిపోతాడు. ఇద్దరూ సమఉజ్జీలు.

1962 ఫిబ్రవరిలో 'డెనిస్ ది మెనేస్' టీవీ సీరియల్‌లో పక్కింటి మిస్టర్ విల్సన్ వేషం వేసే జోసెఫ్ కెర్న్స్ హఠాత్తుగా చనిపోయారు. ఆ ఖాళీలోకి గార్డన్ వచ్చారు, పాత విల్సన్ సోదరుడిగా. పోయినవాడి మీద జనానికి ప్రేమ ఉన్నప్పుడు ఆ జాగాలో నిలబడటం ఎంత ఇబ్బంది! అది ముగిసిన 1963లోనే ఆయన మూనీగా లూసీ దగ్గరికి చేరారు. అంతకుముందు ఏడాది అందులో బ్యాంకరుగా ఉన్న చార్లెస్ లేన్ కూడా గొప్ప నటుడే, ఆయనకో ఉత్తరం విడిగా రాయాలి.

మీ వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. ఆయన చూసింది బహుశా 1968 నుంచి 1974 దాకా నడిచిన 'హియర్స్ లూసీ' అయ్యుంటుంది. అందులో గార్డన్ లూసీకి భర్త సోదరుడి వరస, ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీ యజమాని. సీను మొదలవడమే అరుపుతో మొదలవుతుంది. కోపం మెల్లగా రాజుకోవడానికి రచయితలు ఆయనకు టైమే ఇవ్వలేదు. అది రాతలో లోపం. అయినా అరవై దాటిన ఆ మనిషి నవ్వు కోసం చేతుల మీద బండిచక్రంలా గిరగిరా తిరిగి లేచి నిలబడితే నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డుకి కొన్నిసార్లు నామినేట్ అయ్యారు, ఒక్కసారీ రాలేదు. లూసిల్ బాల్‌కి మాత్రం ఆయన విలువ తెలుసు. 1986లో ఆమె చివరి సీరియల్ 'లైఫ్ విత్ లూసీ'కి ఎనభై ఏళ్ల గార్డన్‌నే మళ్లీ పిలిచింది. ఎనిమిది ఎపిసోడ్లు వేసి ఏబీసీ చానల్ దాన్ని ఆపేసింది. బయట ఆయన కాలిఫోర్నియా ఎడారి ఊరు బొరెగో స్ప్రింగ్స్‌లో కారబ్ చెట్లు పెంచుకునేవారు. చాక్లెట్‌కి బదులు వాడే పొడి వస్తుందే, ఆ చెట్లు. ఊరివాళ్లు ఆయన్ని గౌరవ మేయరుగా కూడా చేసుకున్నారు. 1937లో పెళ్లాడిన వర్జీనియా 1995లో పోయారు, కొద్ది వారాలకే జూన్ 30న ఆయనా వెళ్లిపోయారు.

ఇంకో విన్నపం. ఆ శీర్షికలో తర్వాతి వ్యాసం ఉంటే బీ బెనడెరెట్ గురించి వేయించండి. రేడియోలో అటర్‌బరీ భార్య ఆవిడే. 'ఐ లవ్ లూసీ'లో ఫ్రెడ్ భార్య ఎథెల్ వేషానికి లూసీ మొదట అనుకున్నదీ ఆవిడనే. బర్న్స్, అలెన్ దంపతుల షోలో ఉండటం వల్ల కుదరలేదు. ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్‌లో బెట్టీ గొంతు ఆవిడదే అని చెబితే మీ పాఠకుల్లో చాలామందికి ఠక్కున వెలుగుతుంది. గార్డన్‌ని కొత్తగా చూడాలనుకునేవాళ్లు టీవీతో కాకుండా 'అవర్ మిస్ బ్రూక్స్' రేడియో రికార్డింగులతో మొదలుపెడితే మంచిది. అవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, ఇంగ్లీషు కూడా తేలిగ్గానే అర్థమవుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కాకినాడ