ఆ నలుగురి పాట

పర్లాకిమిడి,
2025 జూలై 20

చిట్టితల్లీ,

నువ్వు పంపిన పాట, అదే ఆ కొరియా నలుగురమ్మాయిల జట్టు బ్లాక్‌పింక్‌ది, విన్నాను. మొదటిసారి సగంలోనే ఆపేశాను, దాచడమెందుకు. రెండోసారి పప్పు పొయ్యి మీద పెట్టి విన్నాను. కుక్కర్ కూతకీ దానికీ తేడా తెలియలేదన్నారు మీ నాన్నగారు. నాకు మాత్రం ఆ దరువు, కోలాటం చివర గురువుగారు కాలం పెంచినప్పుడు కోలలు మోగినట్టే ఉంది.

2023 డిసెంబరులో నువ్వు అన్నం మానేసి ఏడ్చావు, గుర్తుందా? ఆ నలుగురూ జట్టు పనికి పాత కంపెనీతోనే ఒప్పందం పొడిగించుకున్నారు, సొంత పాటలకు మాత్రం ఎవరి దారి వారు చూసుకున్నారు. వేరు కుంపట్లు పెట్టుకున్నా పండగ వంట ఒకే పొయ్యి మీద అన్నమాట. ఈ నెల 5న కొరియాలోని గోయాంగ్ స్టేడియంలో నలుగురూ కలిసి ‘జంప్’ పాడారు, 11న విడుదల చేశారు. వాళ్ళలో లిసాది థాయ్‌లాండ్, రోజే పుట్టింది న్యూజిలాండ్‌లో, పాటలో కొంత కొరియన్, కొంత ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాతో పెరిగిన నీకు అదేమీ వింత కాదులే.

వాళ్ళను చూస్తే నాకు అసూయ కలిగింది. మా వీధి కోలాటం జట్టు నువ్వు పుట్టకముందే చెదిరిపోయింది. ఎనిమిది మందిమి జడకోలాటం ఆడేవాళ్ళం. పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని ఒకరు లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి తిరుగుతుంటే జడ పడుతుంది. అల్లడం సులువే. విప్పేటప్పుడు అవే అడుగులు వెనక్కి వేయాలి, ఒక్కరు తప్పినా అన్నీ ముడిపడతాయి. ఒక శ్రీరామనవమి పందిట్లో ఊరందరి ముందూ ఆ ముడి పడింది. తప్పు జానకి పిన్నిదేనని గొంతు చించుకున్నాను. మర్నాటి నుంచి కోలలు అటకెక్కాయి.

అడుగు తప్పింది నేనే. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నిన్న పిన్నికి ఫోను చేసి ఒప్పుకున్నాను. ముడి సంగతి ఆమెకు గుర్తే లేదు! నేను తీసుకుని తిరిగి ఇవ్వని గజ్జెలు మాత్రం బాగా గుర్తున్నాయి. అరగంట తిట్టి, వినాయక చవితికి వస్తానంది. నీ పాట వినిపించాను. బాగుంది కానీ ఆ కాలానికి మన మోకాళ్ళు నిలవవంది.

నువ్వు సెలవులకు గుణుపురం రైలెక్కే ముందు భువనేశ్వర్‌లో ఒక జత గజ్జెలు కొను. మువ్వలు ఇత్తడివే చూడు. డబ్బు పంపుతాను, నాన్నగారికి చెప్పకు.

అమ్మ