మీ ఓనరు మామ్మగారి అక్క

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మీ లాస్ ఏంజెలిస్ ఇంటి ఓనరు మామ్మగారి సంగతి నా బుర్రలోంచి పోవట్లేదు. చిన్నపిల్లప్పుడు ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ దగ్గర ఊళ్లో అక్కని వదిలి దక్షిణానికి వచ్చేశారన్నావుగా, ఇక నేను కూర్చుని దొరికినవన్నీ చదివాను.

ఆ కొరియా యుద్ధం 1950లో మొదలై 1953 జూలైలో ఆగింది. ఆగిందంతే, శాంతి ఒప్పందం ఈరోజుకీ లేదు. 1983లో దక్షిణ కొరియా టీవీ కేబీఎస్ యుద్ధంలో తప్పిపోయినవాళ్ల కోసం కార్యక్రమం పెడితే 138 రోజులు నడిచింది, అట్టముక్క మీద పేరూ ఊరూ రాసి పట్టుకుని జనం బారులు తీరారు, పదివేల పైచిలుకు కుటుంబాలు కలిశాయి. ఉత్తరాన ఉండిపోయినవాళ్ల విషయం అలా కాదు, రెండు ప్రభుత్వాలూ సరేననాలి. 2000 నుంచి అప్పుడప్పుడూ కలిపారు, ఎక్కువసార్లు ఉత్తర కొరియాలోని కుమ్‌గాంగ్ కొండల దగ్గర. లాటరీలో పేరొస్తే మూడు రోజులు, అందులోనూ ఎదురెదురుగా కూర్చునేది కొన్ని గంటలే. చివర్లో బస్సు కదులుతుంటే అద్దానికి లోపల్నుంచి ఒక చెయ్యి, బయట్నుంచి ఒక చెయ్యి ఆనించి ఉంటాయి, ఆ ఫొటోలు చూడలేకపోయాను. 2018 ఆగస్టు తర్వాత అదీ లేదు.

నాకు ఒళ్లు మండిందెక్కడంటే, ఆ ఏర్పాటు రెండు కొరియాల మధ్యది, అమెరికా పౌరులైనవాళ్లకి అందులో దారి దాదాపు లేనట్టే. పైగా 2017లో అమెరికా తన పాస్‌పోర్టు మీద ఉత్తర కొరియా వెళ్లడమే నిషేధించింది. ఈ కుటుంబాల గురించి దక్షిణ కొరియాతో సంప్రదించాలని విదేశాంగ శాఖకి చెబుతూ 2022 చివర్లో చట్టమైతే చేశారు. సంప్రదింపులతో అక్క కనబడుతుందా?

ఆవిడకి తొంభై దగ్గరపడ్డాయన్నావు. అందుకని నువ్వొక పని చెయ్యి. తీరిగ్గా పక్కన కూర్చుని అక్క పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి ఆనవాళ్లు కొరియా అక్షరాల్లోనే రాయించు, ఒప్పుకుంటే ఫోన్లో వీడియో తియ్యి. దక్షిణ కొరియాలో ఇలాంటి వీడియోలు, డీఎన్‌ఏ శాంపిళ్లు దాచిపెడుతున్నారు, ముందుముందు పిల్లలైనా పోల్చుకుంటారని. మీ ఊళ్లో వాళ్ల కాన్సులేట్ ఉందిగా, బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి ఏం చేస్తారో కనుక్కో. చైనా మీదుగా కలిపిస్తామని డబ్బులడిగే బ్రోకర్లుంటారు, వాళ్ల జోలికి పోనివ్వకు. లేనిపోని ఆశ మాత్రం పెట్టకు. చెప్పడం ఇష్టం లేదంటే బలవంతం చెయ్యకు, మాట మార్చేసెయ్.

ఏమన్నారో ఆదివారం ఫోన్లో చెప్పు.

నాన్న