బడి ఆవరణలో కాస్త మట్టి మిగల్చండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. జూన్ 12న బడులు తెరుస్తాం. పది రోజులు తిరిగేసరికి ఆరుద్ర కార్తె వస్తుంది. చిన్నపిల్లలకు పురుగుల గురించి, వానపాముల గురించి చెప్పడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి రోజులు దొరకవు. నాలుగు చినుకులు పడితే చాలు, ఆరుద్ర పురుగులు నేలలోంచి పైకొస్తాయి, గట్ల మీద వానపాముల మట్టి కుప్పలు లేస్తాయి, రాత్రిపూట దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, బట్టలు బురదవుతాయని పిల్లల్ని గదుల్లో పెట్టి తలుపులు వేస్తున్నాం. ప్రాథమిక బడిలో పాఠాలు చెబుతున్న నాకు ఇది ఎంతో బాధ కలిగిస్తోంది.

ప్రభుత్వ బడులకు ఈ మధ్య రంగులు, ప్రహరీలు, మరుగుదొడ్లు వచ్చాయి. సంతోషమే. కానీ చాలాచోట్ల ఆవరణంతా సిమెంటు చేసేస్తున్నారు. వేపచెట్టు మొదలు చుట్టూ కూడా జానెడు నేల వదలడం లేదు. పట్టణాల్లో ప్రైవేటు బడుల సంగతి ఇంకా అన్యాయం. ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నా, మూడంతస్తుల మేడలో కాలు మోపడానికి మట్టే లేకుండా పిల్లలు పదో తరగతి దాకా చదువుతున్నారు.

ఇక పిల్లలకు పురుగుతో పరిచయం ఎలా అవుతుంది? ఇంట్లో పెద్దవాళ్లు కెవ్వుమనడం, చెప్పు తీసుకోవడం, స్ప్రే కొట్టడం చూస్తారు. కీటకానికి ఆరు కాళ్లని పుస్తకంలో చదివి అప్పజెబుతారు. అదే పిల్లవాడి అరచేతిలో మఖమల్ గుడ్డలా మెత్తగా ఉండే ఆరుద్ర పురుగును పెట్టి కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. తప్పు లెక్కపెట్టావని పక్కవాడు పోట్లాడతాడు. మళ్లీ లెక్కపెడితే మళ్లీ ఎనిమిదే. అప్పుడు ఎవరో ఒక పిల్ల లేచి, ‘సాలీడుకీ ఎనిమిదే కదా టీచర్’ అంటుంది. నిజమే, అది సాలీడు చుట్టమే గాని కీటకం కాదు. వాళ్లంతట వాళ్లే ఆ మాట దాకా వచ్చాక నేను మళ్లీ ఆ పాఠం చెప్పనక్కర్లేదు. చూశాక దాన్ని అగ్గిపెట్టెలో దాచుకోకుండా ఎక్కడ తీశారో అక్కడే వదలాలన్నది మా తరగతిలో కట్టుబాటు.

దీనికి అడవికి పోనక్కర్లేదు, కరివేపాకు చెట్టు చాలు. లేతాకు మీద గసగసమంత గుడ్డు ఉంటుంది. అందులోంచి వచ్చిన గొంగళి పురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తుంది, పక్షులు దాన్ని తిండి అనుకోకుండా. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి కొమ్ముల్లాంటివి రెండు బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది. పిల్లలు ముక్కు మూసుకుని పారిపోతారు, వెంటనే తిరిగి వస్తారు. తర్వాత అది కొమ్మకు దారంతో తనను కట్టేసుకుని కదలకుండా ఉండిపోతుంది. వారం పది రోజులకు నల్లరెక్కల సీతాకోకచిలుక తడిరెక్కలు ఆరబెట్టుకుంటూ కనబడినప్పుడు ఒకటో తరగతి పిల్లల ముఖాలు చూడాలి. ఆకులు తినేస్తోందని రోజూ ఆ పురుగును ఏరి పారేసే అమ్మలు కూడా చూడాలి.

వానపామును తడిచేతితోనే పట్టుకోవాలి. అది చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది, ఒళ్లు ఎండితే బతకదు. ఒక్క క్షణం కాగితం మీద పెట్టి చెవి దగ్గర పెడితే సన్నని గరగర వినిపిస్తుంది. దాని ఒంటి మీద కంటికి ఆనని నూగు ఉంటుంది, పాకేటప్పుడు దాంతోనే నేలను పట్టుకుంటుంది. ముక్క చేస్తే రెండు వానపాములవుతాయని పిల్లలు గట్టిగా నమ్ముతారు, కొందరు చేసి చూస్తారు కూడా. కావని ముందే చెప్పడం మన పని.

ఇదంతా పిల్లల సరదా కోసం మాత్రమే అడగడం లేదు. మాది పల్నాడు. పత్తి, మిరప మా జీవనాధారం. 2021–22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి పంటను ఊడ్చిపెట్టినప్పుడు మందు మీద మందు కొట్టి అప్పులపాలైన ఇళ్ల పిల్లలు మా బెంచీల మీద కూర్చున్నారు. 1997–98లో వరంగల్ పత్తిరైతులను లద్దె పురుగు ముంచినప్పుడూ ఇదే కథ. పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు పురుగు మందులు మానగలిగారంటే, ముందు పురుగు బతుకును చూడటం నేర్చుకోబట్టే. లద్దె పురుగు ఆముదం ఆకు మీద గుంపుగా గుడ్లు పెడుతుందని తెలిసినవాడు ఆ ఆకును తుంచేస్తాడు. తెలియనివాడు మందు డబ్బా భుజాన వేసుకుంటాడు. మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే అక్షింతల పురుగు మనకు మేలు చేసేదే. కానీ దాని పిల్ల నల్లగా ముళ్లముళ్లుగా ఉంటుంది, చూడగానే చంపబుద్ధవుతుంది. వంగ ఆకును గీకి తినే ఇంకో రకం చూడ్డానికి అక్షింతల పురుగులాగే ఉంటుంది. ఈ తేడా నలభై ఏళ్ల రైతుకు పొలంబడిలో చెబుతున్నాం. ఆరేళ్లప్పుడే కంటికి అలవాటు చేస్తే ఏం పోయింది?

దోమ సంగతీ అంతే. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్లు నిలవ ఉంచని రోజు అని బడిలో ప్రతిజ్ఞ చేయిస్తాం. తొట్టిలో నీళ్లు ఒక సీసాలో పట్టి, మూతికి పలచటి గుడ్డ గట్టిగా కట్టి చూపిస్తే ప్రతిజ్ఞ అక్కర్లేదు. తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టంతో గాలి పీల్చే లార్వాలు వారం పది రోజుల్లో దోమలవడం చూసిన పిల్ల ఇంటికెళ్లి కూలరు నీళ్లు తనే పారబోయిస్తుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఇంత దగ్గరి చరిత్ర పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

తల్లిదండ్రుల భయాలు నాకు తెలుసు, వాటిలో న్యాయం ఉంది. రాళ్ల కింద తేళ్లుంటాయి. ముట్టుకుంటే చుట్టుకుపోయే రోకలిబండ పురుగు ఏమీ చేయదు, జెర్రి మాత్రం కుడుతుంది. నూగున్న గొంగళి పురుగు తగిలితే ఒళ్లంతా దురద. అందుకే చెప్పులు వేసుకోవాలి, రాయిని పెద్దవాళ్లే కదపాలి, తెలియనిదాన్ని ముట్టుకోకుండా చూడాలి. నులిపురుగుల మాత్రలు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఎందుకు వేస్తున్నామో కూడా అప్పుడే చెప్పి, సబ్బుతో చేతులు కడిగించాలి. మట్టికి దూరంగా పెంచితే ఈ జాగ్రత్తలు ఎప్పటికీ రావు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచి లేని బడి అంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో శనివారం నో బ్యాగ్ డే పెట్టారు. జూలై, ఆగస్టు శనివారాల్లో ఒక్క పీరియడైనా ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల్ని, పక్కనున్న అంగన్‌వాడీ పిల్లల్ని కలిపి ఆవరణలో తిప్పమని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఏకోపాధ్యాయ బడుల్లో వాళ్లను కనిపెట్టుకుని ఉండటానికి తల్లుల కమిటీ నుంచి ఒకరిని పిలుచుకోవచ్చు. ఇకమీదట పనులు చేయించే ఇంజనీర్లు ప్రతి బడిలో ఒక మూల సిమెంటు వేయకుండా, మందు కొట్టకుండా వదలాలి. అక్కడ ఒక కరివేపాకు, ఒక నిమ్మ మొక్క, రాలిన ఆకుల కుప్ప ఉంటే సరిపోతుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో వారానికొక పురుగు బొమ్మ వేసి, అది మన ఊళ్లో ఏ చెట్టు మీద, ఏ కార్తెలో కనిపిస్తుందో, దాన్ని ముట్టుకోవచ్చో లేదో నాలుగు వాక్యాల్లో రాయించండి. మా బడి గోడకు అతికించుకుంటాం.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
పల్నాడు జిల్లా