మా అమ్మ ఫోన్‌కు రోజుకు 5 మిస్డ్ కాల్స్ ఇచ్చిన అక్కకు

నిన్న రాత్రితో అమ్మ కంటి మందు అయిపోయింది. 17 రోజులు. ఈ 17 రోజుల్లో సరిగా నిద్రపోయింది లేదు, ఇప్పుడు కూడా కళ్ళు మూతలు పడుతున్నాయి, కానీ ఇవాళ రాయకపోతే మళ్ళీ బడి, ఇల్లు, వంట అని రోజులు గడిచిపోతాయి, అందుకే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మాది కోడుమూరు. మూడు వారాల కింద అమ్మకు ఎడమ కన్ను ఎర్రబడింది. నీళ్ళు కారుతున్నాయి, లోపల ఇసుక పడినట్టు గరగర అంటోందని చెప్పింది. ఊర్లో అప్పుడే నలుగురైదుగురికి కళ్ళ కలక వచ్చి ఉంది కాబట్టి ఇదీ అదే అనుకున్నాం. అమ్మ ముందు నందివర్ధనం పూలు పెట్టుకుంది. తగ్గకపోతే నేనే ఒక మందుల షాపుకు పోయి కన్ను ఎర్రగా ఉందని చెబితే, చీటీ అడగలేదు, ఒక కన్నా రెండు కళ్ళా అని కూడా అడగలేదు, ఒక చుక్కల సీసా చేతిలో పెట్టి పంపించారు. మొదటి రోజు నిజంగానే ఎరుపు తగ్గింది. అది చూసి సంతోషపడ్డాను, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. నాలుగో రోజుకు అమ్మ వెలుతురు చూడలేక కొంగు కప్పుకుని కూర్చుంది, ఆ కంటితో చూస్తే నా మొహం పొగలో ఉన్నట్టు కనపడుతోందంది.

పొద్దున్నే బస్సెక్కి కర్నూలు పోయాం. ఒక ఆసుపత్రిలో 8 గంటలకు టోకెన్ తీసుకుంటే ఒంటిగంట దాటాక పిలిచి, కన్ను చూసే మిషన్ పని చేయడం లేదు, రేపు రండి అన్నారు. ఆ మాట పొద్దున్నే ఎవరైనా చెప్పి ఉంటే ఐదు గంటలు ఆ కన్నుతో ఆ బెంచీ మీద కూర్చునేది కాదు కదా. అడిగితే విసుక్కున్నారు. బయటకు వచ్చాక అమ్మ ఏమందంటే, "అదే సీసా ఇంకోటి కొను, మొదట్లో తగ్గింది కదా, ఇంటికి పోదాం." నాకూ ఓపిక అయిపోయింది. రాజ్ విహార్ వైపు నడుస్తుంటే కనపడిన ఒక చిన్న మందుల షాపులో ఖాళీ సీసా చూపించి ఇలాంటిదే ఇంకోటి ఇవ్వమన్నాను.

కౌంటర్ వెనక ఒక అక్క ఉంది. నలభై ఐదేళ్ళుంటాయేమో. సీసా తీసుకుని వెలుతురుకు పెట్టి సన్న అక్షరాలు చదివింది. "ఇది ఎవరు రాశారు పాపా?" అంది. ఎవరూ రాయలేదని చెప్పాను. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. పెద్దమ్మకు ఒక కన్నేనా? వెలుతురు పడట్లేదా? చూపు మసకబారిందా?" మూడింటికీ అవునన్నాను. సీసా పక్కన పెట్టేసింది. "నేనివ్వను. నువ్వు వేరే షాపులో కూడా కొనొద్దు. ముందు డాక్టరుకు చూపించు." నేను కోపంగానే అన్నాను, పొద్దున్నుంచి డాక్టరు కోసమే తిరుగుతున్నామని. ఆమె ఏమీ అనుకోలేదు. అమ్మను లోపలికి పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ కొంగు ఎందుకు దించట్లేదో చూసి, లేచి తలపైనున్న ట్యూబ్‌లైట్ ఆపేసింది. షాపులో సగం చీకటి. వచ్చేవాళ్ళకు ఆ చీకట్లోనే ఫోన్ లైటు వేసుకుని మందులు వెతికి ఇచ్చింది. పొద్దున్నుంచి మమ్మల్ని ఎంతమంది చూశారో, ఆ కంటికి వెలుతురు పడదని తట్టింది ఆమె ఒక్కదానికే. అక్కడే నాకు ఏడుపు వచ్చేసింది.

తనకు తెలిసిన ఒక కంటి డాక్టరమ్మ క్లినిక్‌కు ఫోన్ చేసి, దూరం నుంచి వచ్చారు, పోయే బస్సు ఉంది, ముందు చూడమని చెప్పి పంపించింది. డాక్టరమ్మ మందు చుక్కలు వేసే ముందే దూది పోగుతో రెండు నల్లగుడ్ల మీద అలా తాకించింది. కుడి కన్ను ఠక్కున మూసింది అమ్మ. ఎడమ కన్ను అంతగా కదల్లేదు, అంటే దానికి స్పర్శ తగ్గిందన్నమాట. తర్వాత పసుపు రంగు మందు వేసి నీలం లైటులో చూసి, నన్ను కూడా పిలిచి చూపించింది. నల్లగుడ్డు మీద పచ్చగా మెరుస్తూ సన్నటి గీతలు, గీతకు మళ్ళీ చీలికలు, చీలికల కొసల్లో చిన్న బొడిపెలు. మా పొలం గట్టున ఎండిన తుమ్మ కొమ్మలాగే ఉంది. అది మా అమ్మ కన్ను.

ఇది కళ్ళ కలక కాదని చెప్పింది. కళ్ళ కలక ఎక్కువగా అడినో వైరస్ వల్ల వస్తుందట, దానంతట అదే తగ్గుతుందట. అమ్మకు వచ్చింది హెర్పిస్ సింప్లెక్స్, జ్వరం వచ్చినప్పుడు పెదవుల దగ్గర పొక్కులు లేపే వైరసే. చిన్నప్పుడెప్పుడో ఒంట్లోకి చేరి నరంలో పడి ఉంటుందట, జ్వరమో ఎండ దెబ్బో మనసుకు టెన్షనో వచ్చినప్పుడు లేస్తుందట. నల్లగుడ్డు మీద గీతల్లా కనపడింది అది చేసిన పుండేనట. అలాంటి పుండు మీద స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్టు కనపడుతుంది కానీ వైరస్‌ను ఆపే శక్తి తగ్గి పుండు పెద్దదవుతుంది, మచ్చ పడితే చూపు పోతుంది అంది. కొన్ని రకాల కంటి వైరస్‌లలో స్టెరాయిడ్ తామే రాస్తామని, కానీ అది కన్ను చూసి డాక్టరు తేల్చాల్సిన విషయమని కూడా చెప్పింది. పూలు, రసాలు, చనుబాలు ఏవీ పెట్టొద్దంది.

గాన్‌సైక్లోవిర్ 0.15 శాతం కంటి జెల్ రాసింది. మెలకువగా ఉన్నప్పుడు మూడు గంటలకొకసారి, రోజుకు 5 సార్లు, ఒక్కో చుక్క. పుండు పూర్తిగా మానిందని తను చూసి చెప్పేదాకా. ఆ తర్వాత రోజుకు 3 సార్లు, 7 రోజులు. ఎరుపు తగ్గింది కదా అని మధ్యలో మానొద్దు, తొందరగా తగ్గాలని ఎక్కువసార్లు కూడా వేయొద్దు.

ఆ చీటీ పట్టుకుని మళ్ళీ అక్క దగ్గరికే పోతే, ఆమె షాపులో ఆ జెల్ లేదు. ఏడు షాపులకు ఫోన్ చేసింది. ఎనిమిదో షాపులో ఒకే ఒక్క ట్యూబు ఉందన్నారు. నేను పోతానంటే, "నీకు దారి తెలీదు, పెద్దమ్మ దగ్గర ఉండు" అని పక్క షాపు అబ్బాయిని కౌంటర్ దగ్గర నిలబెట్టి, తన స్కూటీ మీద తనే పోయి తెచ్చింది. ఆ షాపు ఆమెది కాదు, జీతానికి పనిచేస్తుంది. పెట్రోల్‌కు డబ్బులిస్తే తీసుకోలేదు.

మొదటి చుక్క నేను అక్కడే వేయబోతే నా చేయి పట్టుకుంది. ట్యూబు మూతి అమ్మ రెప్ప వెంట్రుకలకు తగలబోయింది. "మూతి దేనికీ తగలకూడదు పాపా, కంటికీ, రెప్పకూ, నీ వేలికీ. తగిలితే ఆ మురికి ట్యూబులోకి పోతుంది." సబ్బుతో చేతులు కడిగించి, శుభ్రంగా తుడుచుకోమని, అమ్మను తల వెనక్కి వాల్చి పైకి చూడమని, కింది రెప్పను మెల్లగా లాగితే సంచిలా వస్తుంది చూడు, ఆ సంచిలో ఒక్క చుక్క వదిలెయ్ అంది. కన్ను మెల్లగా మూసుకుని ఒకటి రెండు నిమిషాలు ఉండాలి, నలపకూడదు, గట్టిగా బిగించకూడదు. చుక్క వేశాక కొంతసేపు మసకగా ఉంటుంది, కొంచెం మండుతుంది కూడా, అది మందు గుణం, ఆ కాసేపు లేచి పొయ్యి దగ్గరికీ మెట్ల మీదికీ పోకు పెద్దమ్మా అని అమ్మకు కూడా చెప్పింది. వేరే చుక్కలుంటే అవి ముందు వేసి 15 నిమిషాలు ఆగి జెల్ చివర్లో వేయాలట. ట్యూబు మీద మూత తీసిన తేదీ పెన్నుతో రాసింది. నాలుగు వారాలు దాటితే మిగిలినా పారేయాలి, ఇంట్లో ఇంకెవరికైనా కన్ను ఎర్రబడితే ఇదే ట్యూబు వాడొద్దు. అమ్మ టవలు, దిండు గలీబు వేరు. కారిన నీళ్ళు తుడిచిన దూది మళ్ళీ వాడొద్దు. అద్దాలు కాకుండా కంట్లో పెట్టుకునే లెన్సులు వాడేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళు కన్ను మానేదాకా అవి పెట్టుకోకూడదని పక్కన నిలబడిన ఇంకో అమ్మాయికి కూడా చెప్పింది.

అప్పుడు నేను అసలు భయం చెప్పాను. నేను 8 గంటలకు బడికి పోతే ఐదింటికి వస్తాను. అమ్మకు గడియారం చూడడం రాదు, చదువు లేదు. 10 గంటలకు, ఒంటిగంటకు, 4 గంటలకు ఎవరు గుర్తు చేయాలి? అక్క, "పెద్దమ్మా, నీ దగ్గర ఫోనుందా?" అంది. అమ్మ రవికలోంచి బటన్ ఫోన్ తీసి ఇచ్చింది. "7, 10, 1, 4, మళ్ళీ రాత్రి 7. నేను మిస్డ్ కాల్ ఇస్తా. మోగితే మందు వేసుకుని, వేసుకున్నాక నువ్వు ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. నీది రాకపోతే మళ్ళీ చేస్తా." మర్యాదకు అన్న మాట అనుకున్నాను. మర్నాడు 7 గంటలకు ఫోన్ మోగింది.

ఆదివారం కూడా మోగింది. ఆమెకు సెలవు రోజు. ఒకరోజు కరెంటు లేక అమ్మ ఫోన్ చార్జింగ్ అయిపోయింది, 10 గంటలకు మూడుసార్లు చేసినా తగలకపోతే నా నంబరుకు చేసింది, నేను క్లాసులో ఉండి పక్కింటికి ఫోన్ చేసి వేయించాను. వారానికి చూపిస్తే పుండు చాలావరకు మూసుకుంది, కొంచెం ఉంది, ఇంకో మూడు రోజులు 5 సార్లే అన్నారు. పదో రోజు పూర్తిగా మానిందన్నారు. ఆ తర్వాత 7 రోజులు రోజుకు మూడుసార్లు మోగింది. లెక్కేస్తే 70 దాకా కాల్స్. మేమెవరం ఆమెకు? నా పేరు కూడా మూడో రోజు అడిగింది.

నిన్న అమ్మ చేటలో బియ్యం పోసుకుని కుడి కన్ను చేత్తో మూసుకుని, ఎడమ కన్నుతోనే రాళ్ళు ఏరి నాకు చూపించింది. సన్నటి మసక మచ్చ కొంచెం ఉంది, మెల్లగా పలచబడొచ్చు అన్నారు. ఇది మళ్ళీ రావచ్చని కూడా చెప్పారు. ఎప్పుడు కన్ను ఎర్రబడినా పాత ట్యూబు వెతక్కుండా నేరుగా రమ్మన్నారు.

అక్కా, నీ పేరు, షాపు పేరు రాయొద్దన్నావు, రాయట్లేదు. నువ్వు ఆ సీసా ఇచ్చేసి 10 నిమిషాల్లో మమ్మల్ని పంపించి ఉండొచ్చు. నీకు కౌంటర్ మీద అమ్మకం కూడా అయ్యేది.

ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నా. ఆ చుక్కల సీసా మీద ఎర్ర గీత ఉంది, డాక్టరు చీటీ మీదే అమ్మాలని రాసి ఉంది, షెడ్యూల్ హెచ్ అంటారట. జెల్ మీదా అదే రాసి ఉంది. కన్ను పాడుచేసిన మందు మా వీధి చివర అడగ్గానే దొరికింది, కన్ను బాగుచేసే మందు కోసం కర్నూలంత ఊర్లో ఎనిమిది షాపులు వెతకాల్సి వచ్చింది. అడిగేవాళ్ళు లేరా? మిషన్ పని చేయకపోతే టోకెన్ ఇచ్చే కిటికీ దగ్గర ఒక కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ బెంచీ మీద ఆ రోజు మాతో పాటు ముసలివాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ళంతా ఏమయ్యారో, ఎంతమంది రేపు మళ్ళీ రాగలిగారో.

మా ఆయన, బెంగళూరు నుంచి డబ్బులు పంపిన తమ్ముడు, వాళ్ళకు ఎంత రుణపడి ఉన్నానో వాళ్ళకే తెలుసు. డాక్టరమ్మకు దండాలు, రెండోసారి చూపించినప్పుడు ఫీజు తీసుకోలేదు.

అమ్మ పక్కన కూర్చుని గుర్తు చేస్తోంది. మొదటి నాలుగు రోజులు అమ్మకు తనంతట తను వేసుకోవడం రాకపోతే పగటిపూట మూడుసార్లూ చేతులు కడుక్కుని వచ్చి వేసిన పక్కింటి పిన్నికి. ఆ రోజు ఆసుపత్రిలో మేమేమీ తినలేదని చూసి తన టిఫిన్ డబ్బాలోంచి సగం ఉగ్గాని అమ్మకు పెట్టిన గూడూరు ఆమెకు, పేరు అడగలేదు, క్షమించమ్మా. మూడుసార్లు పర్మిషన్ ఇచ్చిన మా హెడ్‌మాస్టర్ గారికి. షాపులో కౌంటర్ దగ్గర నిలబడిన ఆ అబ్బాయికి.

ఇవాళ పొద్దున 7 గంటలకు అమ్మ ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. మందు అయిపోయింది కదమ్మా, ఇంక రాదు అన్నాను. "తెలుసులే" అంది, అయినా లేవలేదు. శనివారం కర్నూలు పోతున్నాం అక్కా. అమ్మ నీకోసం శెనక్కాయలు ఉడకేసి తెస్తుందట, మధ్యాహ్నం షాపులోనే ఉండు.

ఇంకొకటి, చివరి బస్సు రెండు నిమిషాలు ఆపిన కండక్టరన్నకు కూడా.